ఆముదం సాలుకు ఇవతల నా నంబరు

నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఊళ్లో రీసర్వే జరిగినప్పుడు అడగలేదు, కొత్త నంబర్లు వేసినప్పుడు అడగలేదు, నా నంబరు తప్పు పడిందని కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు కూడా నీ మాట ఏమిటని ఒక్కరూ అడగలేదు. అందుకే నేనే రాస్తున్నాను. నా దగ్గర పదకొండు అర్జీల రసీదులున్నాయి. కిరాణా కొట్లో చీటీలు గుచ్చిపెట్టే ఇనుప తీగ ఒకటి తెచ్చి, వాటిని తేదీల వరుసన గుచ్చి, వంటింటి తలుపు పక్కన మేకుకు తగిలించాను. మా ఇంటామె పోపు పెట్టినప్పుడల్లా ఆ వాసన వాటికి పడుతుంది. పదకొండింటిలో దేనికీ కాగితం మీద జవాబు రాలేదు. ఒకదానికి మాత్రం ఫోనుకు మెసేజీ వచ్చింది. దాని సంగతి ఇప్పుడే చెబితే కోపం వచ్చి మిగతాది సరిగా రాయలేను కాబట్టి, దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

నాకున్నది రెండెకరాల పద్దెనిమిది సెంట్లు. ఆళ్లగడ్డ నుంచి ఆటోలో వస్తే మా ఊరు ఇంకా రాకముందే ఎడమచేతి వైపు కనిపించే నల్లరేగడి అది. దాని నంబరు 214లో 2బి. ఎంత నిద్రలో ఉన్నా ఈ నంబరు చెప్పగలను. మా పెండ్లి తేదీ అడిగితే కొంచెం ఆలోచిస్తాను. ఆ సంగతి మా ఇంటామెకు తెలుసు, ఆమె కూడా మరచిపోయే మనిషి కాదు.

తెలియని వాళ్ల కోసం ఈ నంబరు సంగతి కొంచెం చెప్పాలి. పాతకాలంలో ప్రతి ఊరి నేలనూ గొలుసులతో కొలిచి, ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక నంబరు పెట్టారు. అదే సర్వే నంబరు. 214 అంటే మా ఊరి నేలలో ఒక ముక్క. దాన్ని వారసులు పంచుకున్నప్పుడు దాని కింద చిన్న నంబర్లు పుడతాయి. 214లో 2 మా జేజినాయనది. ఆయనకు ఇద్దరు కొడుకులు, మా నాయన, మా చిన్నాయన. పెద్దవాడు భాగాలు చేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి, అది మా ఇంటి పద్ధతి. మా నాయన సరిసమానంగా రెండు చేశాడు. చిన్నాయన రోడ్డు వైపుది కోరుకున్నాడు. అది 2ఏ అయింది. లోపలిది మాకు వచ్చింది. అది 2బి.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఇటువంటి పంపకాలు నోటితోనే అయిపోయేవి. కాగితంలో తాత పేరు అట్లాగే ఉండేది, పొలంలో మనవళ్లు దున్నుకునేవారు. మా నాయన ఒప్పుకోలేదు. సర్వేయర్ను పిలిపించి నంబరు విడగొట్టించాలని పట్టుబట్టి ఏడేళ్లు తిరిగాడు. అన్నదమ్ములు బాగానే ఉన్నారు కదా, ఈ తిరుగుడు ఎందుకని ఊళ్లో నవ్వారు. ఆయన ఒకటే మాట అనేవాడు. "నేనూ నా తమ్ముడూ బాగుండాము. మా పిల్లోళ్లు గూడా బాగుంటారని యెవురు రాసిచ్చినారప్పా?"

చివరికి సర్వేయర్ వచ్చిన రోజున గొలుసు పట్టడానికి మనిషి రాలేదు. ఒక కొన మా నాయన పట్టాడు, ఇంకో కొన నేను పట్టాను. నాకు అప్పటికే మీసాలు వచ్చాయి, పెండ్లి మాటలు జరుగుతున్నాయి. కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను, అది మోకాళ్ల దాకా బురదైంది. సాయంత్రం సర్వేయర్ పటం మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, దానికి అటు 2ఏ, ఇటు 2బి అని రాశాడు. మా నాయన ఆ పటం నకలు తెచ్చుకున్నాడు. ఆయన పోయిన తర్వాత దానికి నేను ఆళ్లగడ్డలో లామినేషన్ చేయించాను. ఈ పటాన్ని నాకంటే బాగా చదవగలిగిన మనిషి మా ఊళ్లో లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

నంబరు విడిపోయింది కానీ పొలంలో గట్టు వేయలేదు. గట్టు వేస్తే ఇద్దరికీ రెండేసి అడుగుల నేల పోతుంది, దాంట్లో గడ్డి పెరుగుతుంది, ఎలుకలు చేరతాయి. రాళ్లు పాతితే నల్లరేగడిలో నిలబడవు. ఎండాకాలం నెర్రెలిచ్చినప్పుడు ఒరిగిపోతాయి, వానలకు మట్టిలోకి దిగిపోతాయి. అందుకని మా నాయన, చిన్నాయన కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎర్రగీత ఉన్నచోట ఏడాదికి ఒక సాలు ఆముదాలు విత్తాలి. ఒక యేడు విత్తడం, కోసుకోవడం మాది. మరుసటి యేడు వాళ్లది. తొలకరి ముంగారు వానలకు విత్తితే మనిషెత్తు పెరిగి, కాయలు కోసిన తర్వాత ఎండిన కట్టె పొయ్యిలోకి పోయేది. మా ఊళ్లో చాలా పొలాల మధ్య ఇదే పద్ధతి. ఎవరూ తప్పేవారు కాదు.

ఈ వంతు లెక్క అంతా మా చిన్నమ్మ దగ్గర ఉండేది. చిన్నాయన భార్య. ఇప్పుడు ఎనభై దాటింది. ఊళ్లో ఎవరింట్లో పురుడు వచ్చినా ఆముదం ఆమె ఇంటి నుంచే పోవాలి. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి సీసాల్లో పోసేది. మిల్లులో ఆడించిన ఆముదం పేరు ఎత్తితే మొహం తిప్పుకునేది. మా పెద్దోడు ఎప్పుడు పుట్టాడంటే తేదీ చెప్పదు, "మా ఆముదాల యేడు పుట్టినాడు" అంటుంది. కావాలంటే లెక్క వేసి చూసుకోవచ్చు, తప్పు పోదు.

రీసర్వే వచ్చిన యేడు నేను బనగానపల్లెలో ఉన్నాను. మా వియ్యంకుల మామిడితోట కోతకు వచ్చింది, సాయానికి రమ్మంటే వెళ్లి పది రోజులు ఉన్నాను. అది మే నెల. ఆముదం సాలు పీకేసి కట్టెలు కూడా కాల్చేసిన తర్వాత, కొత్త సాలు విత్తడానికి ముందు. నేల అంతా ఒకటే నలుపుగా ఉండే కాలం. నోటీసు మా ఇంటి పేరు మీద వచ్చిందట. చిన్నాయన కొడుకు, అంటే నా తమ్ముడు, తన ఇంటి పేరు కూడా అదే కాబట్టి ఇద్దరికీ కలిపి తానే తీసుకుని సంతకం పెట్టాడు. నాకు ఫోను చేయలేదు. మామిడికాయలు తెస్తావా అని అడగడానికి మాత్రం రెండుసార్లు చేశాడు. తెచ్చాను కూడా.

కొన్ని నెలల తర్వాత కొత్త కాగితం చేతికి వచ్చింది. 214 లేదు, 2బి లేదు. 388 అని ఒకటే నంబరు. విస్తీర్ణం నాలుగెకరాల ముప్పై ఆరు సెంట్లు. పక్కన రెండు పేర్లు, ముందు తమ్ముడిది, కింద నాది. వయసులో పెద్దవాణ్ణి నేను. ఆ వరుస ఎవరు పెట్టారో కూడా నాకు ఇంతవరకు తెలియలేదు.

ఆ కాగితం తీసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో రాయను. అక్కడ ఒకాయన బత్తాయి వలుచుకుంటున్నాడు. నీలం చొక్కా, జేబు దగ్గర సిరా మరక.

"సార్, నా 2బి కనపడలా," అన్నాను.

"2బి లేదు పెద్దాయనా. పాతవన్నీ పోయినాయి. ఇప్పుడు ఎల్పీఎం నంబర్లు."

"పోయినాయంటే యాడికి పోయినాయి సార్?"

"యాడికీ పోలే. 388లో కలిసినాయి."

"యెవురు కలిపినారు?"

"కంప్యూటర్లో అట్లే ఉండాది. అర్జీ రాసి ఆ టేబుల్ మీద పెట్టి పో."

పక్క కుర్చీలో ఉన్న ఆయనకు ఒక తొన ఇచ్చాడు, తాను ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఇంత మాట్లాడినా తల ఎత్తలేదు. నేను పొట్టివాణ్ణా పొడుగువాణ్ణా అని అడిగితే ఆయన ఈ రోజుకూ చెప్పలేడు. ఆయన చొక్కా మరక ఏ వైపు ఉందో మాత్రం నేను చెప్పగలను. ఎడమ వైపు.

ఎల్పీఎం అంటే ఏమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పింది మా ఊరి సచివాలయానికి కొత్తగా వచ్చిన సర్వేయరమ్మ. ప్యాపిలి వైపు పిల్ల. రీసర్వే చేసినవాళ్లు బదిలీ అయిపోయాక వచ్చింది. "కూర్చో తాతా," అంది. తాత అనిపించుకునే వయసు నాకింకా రాలేదు. కానీ అప్పటికి నాలుగు ఆఫీసులు తిరిగితే కుర్చీ చూపించింది ఆ పిల్ల ఒక్కతే, అందుకని ఆ మాటను పోనిచ్చాను.

ఒక కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీసింది. "పైనుంచి డ్రోన్ ఫోటోలు తీస్తాది తాతా. గట్టు కనపడితే మేము ఆడ గీత పెడతాం. గట్టు కనపడకపోతే పొలం కాడికి పోయి రైతును అడుగుతాం. నాలుగు గీతల మధ్యలో ఉండేది ఒక ముక్క. ఊళ్లో ముక్కలన్నిటికీ ఒకటి నుంచి వరసగా నంబర్లు. అదే ఎల్పీఎం. ప్రతి మూల భూమ్మీద సరిగ్గా యాడుందో కూడా ఎక్కించినాం. దాన్ని బట్టే భూ ఆధార్ అని పద్నాలుగు అక్షరాలది ఇంకో నంబరు. మనిషికి ఆధార్ ఉన్నట్ల, ముక్కకు అది."

"మరి రెండు ముక్కలకు ఒకే నంబరు యెట్లా పడె?"

"వాళ్లకు ఒకటే ముక్క కనపడింది."

"ఆకాశంలో నుంచి చూస్తే ఆముదం సాలు కనపడదా?"

"ఫోటో తీసింది మే నెలలో తాతా. ఆముదం యాడుంటాది?"

రెండు తరాలు ఒక్క యేడు తప్పకుండా విత్తుకున్న సరిహద్దు, వాళ్లు చూడవచ్చిన నెలలో లేదు. మాలాంటి వాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారని, కానీ వాళ్లు ఆ రోజు పొలంలో నిలబడి ఇది నాది, అది వాడిది అని చూపించుకున్నారని ఆ పిల్ల చెప్పింది. మా పొలం దగ్గర నిలబడింది తమ్ముడు. అతని వాంగ్మూలం తీసి చూపించింది. "ఇద్దరమూ ఒకే ఇంటివాళ్లము, మాకు మధ్యలో గట్లు లేవు." కింద సంతకం.

ఆ సాయంత్రమే అతని ఇంటికి వెళ్లాను. పక్క ఇల్లే. అరుగు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు.

"ఏందన్నా, సర్వేయరమ్మ కాడ బో సేపు కూర్చుంటివంట?"

"నువ్వు పెట్టిన సంతకం చూసొచ్చినా."

"దాంట్లో తప్పేముంది? ఆ పొద్దు మా యెనకాలోళ్లు జానెడు నేలకు సర్వేయర్ ముందరే గొంతులు పట్టుకున్న్యారు. ఆయన మా కాడికొచ్చి, మీ గట్టు యాడప్పా అన్న్యాడు. మాకు గట్లేంది సార్, మేం అన్నదమ్ములం అంటి. ఊరంతా ఉండాది ఆడ. నీ మర్యాద గూడా నిలబెడితి గదన్నా!"

"నా మర్యాద నిలబెట్టి నా నంబరు పడగొడితివి గదరా."

"ఒక నంబరైతే ఏమాయె? నీ నేల నేనేమన్నా దున్నుకుంటాండనా?"

లేదు. ఇది రాయకపోతే నేను అబద్ధాలకోరును అవుతాను. నా తమ్ముడు నా నేల మీద ఎప్పుడూ ఆశ పడలేదు. అతను ఆశపడింది ఆ రోజు ఊరి ముందు వచ్చిన మెప్పు మీద. టీ అంగడి దగ్గర ఆ మాట చాలా రోజులు తిరిగింది. "అన్నదమ్ములంటే వాళ్లప్పా" అన్నారు. ఇప్పుడు నంబరు విడగొట్టమని ఇద్దరం కలిసి సంతకం పెడితే, ఆ ఇంట్లో కూడా తగువు పడిందిరా అంటారని అతని బాధ. పెట్టనన్నాడు.

"మనం బాగుండాము. మన పిల్లోళ్లు బాగుంటారని యెవురు రాసిచ్చినార్రా?" అన్నాను. నా నోట్లో మా నాయన గొంతు నాకే వినిపించింది.

లోపలి నుంచి చిన్నమ్మ దగ్గు వినిపించింది. అప్పుడు తట్టింది నాకు. ఎర్రగీత గీసిన నాడు పొలంలో ఉన్న పెద్దవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. అందరికీ అన్నం వండి తెచ్చింది. సాలు ఎక్కడ పడాలో మా నాయన, చిన్నాయన కలిసి నడిచి చూపించినప్పుడు పక్కన ఉంది. నేను కూడా ఉన్నాను కానీ నా మాట నా పక్షం మాట. ఆమె తమ్ముడి తల్లి. ఆమె చెబితే ఎవరూ కాదనలేరు. ఆమె ఉండగానే ఈ నంబరు తెచ్చుకోవాలి. ఆ తర్వాత మా ఇద్దరి కాగితాలు, మా ఇద్దరి నోళ్లు మాత్రమే మిగులుతాయి.

అప్పటినుంచి నేను ఆగలేదు. అర్జీ మీద అర్జీ పెట్టాను. ఆరో దాన్ని నంద్యాలకు తీసుకుపోయాను. నంద్యాల మాకు జిల్లా కాకముందు ఏ పనికైనా కర్నూలు పోవాలి. ఇప్పుడు పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. ఒక పెద్ద ఆఫీసులో సోమవారం నాడు టోకెన్ తీసుకుని వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకున్న అధికారి అర్జీ చదివి, "ఇంతేనా?" అన్నాడు. ఆ ఒక్క మాటను నేను మరిచిపోను. నా ముందు నిలబడిన ఆవిడను ఇంతేనా అనలేదు. నా వెనకాల ఉన్నవాణ్ణీ అనలేదు. నేను నిలబడి విన్నాను.

"అన్నదమ్ములే కదా, కూర్చుని మాట్లాడుకోండి," అన్నాడు.

"సార్, మాట్లాడుకునేదానికైతే నంద్యాల దాకా యెందుకొస్తాను? మా తమ్ముడిది పక్కిల్లే," అన్నాను.

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. అధికారి తల ఎత్తి నన్ను చూశాడు. ఆ వ్యవహారం మొత్తంలో ఆఫీసు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఒకరు నా మొహం చూడడం అదే మొదటిసారి. పెన్ను తీసి, కొలతలు వేసి నివేదిక పంపాలని అర్జీ మీద రాశాడు. తిరుగు బస్సులో నాకు సీటు దొరకలేదు. అయినా ఆళ్లగడ్డ దాకా నిలబడి వచ్చినట్టే అనిపించలేదు.

కొలతల రోజు శనగలు విత్తడానికి ముందు పడింది. గుంటక తోలిన నేల మెత్తగా ఉంది. ఆ యేడు ఆముదం వంతు తమ్ముడిది. అతను విత్తలేదు. మామూలుగా ఆ సమయానికి నడుమెత్తు ఉండాల్సిన సాలు లేదు, పొలం అంచు నుంచి అంచుకు ఒకటే నలుపు. గట్లు లేవన్న మాట నిలబెట్టుకోవాలనో ఏమో.

సర్వేయరమ్మ కర్ర మీద గిన్నె బోర్లించినట్టు ఉండే యంత్రం ఒకటి తెచ్చింది. దాన్ని రోవర్ అంటారు. నా లామినేషన్ పటం చూసి, "ఇంత బాగా పెట్టుకున్నోళ్లను నేను చూడలేదు తాతా," అంది. పక్కన పదిమంది ఉండగా అంది. నేను ఏమీ పట్టనట్టు పొలం వైపు చూస్తూ నిలబడ్డాను.

తమ్ముడు చేతులు కట్టుకుని దూరంగా ఉన్నాడు. "యాడని కొలుస్తావమ్మా? ఈడ గట్టూ లేదు, గీతా లేదు. యెవురినన్నా అడుగు," అన్నాడు.

అప్పుడు రోడ్డు మీద ఆటో ఆగింది. చిన్నమ్మ దిగింది. ఎవరూ రమ్మనలేదు. కర్ర పొడుచుకుంటూ చాళ్లలో పడి వస్తోంది. వచ్చి, పొలం నడిమధ్యన నిలబడి, ఇటు చూసింది, అటు చూసింది.

"రేయ్, ఈ యేడు సాలు మనదిగదరా? యాడ పెట్టినావు?"

"అమ్మా, నువ్వుండు."

"యెందుకుండాల? నా ఆముదాలు యాడ? పురిటోళ్లు ఇంటికాడికొచ్చి అడిగితే యేం పొయ్యాల, నీ మర్యాదా?"

అందరూ నవ్వారు. తమ్ముడు నేల చూపులు చూశాడు.

సర్వేయరమ్మ తెలివైన పిల్ల. యంత్రం పక్కన పెట్టి దగ్గరికి వెళ్లింది. "అవ్వా, సాలు యాడ పెట్టేటోళ్లు?"

"యాడేందమ్మా, ఇదో ఈడ," అని చిన్నమ్మ నాలుగడుగులు వేసి కర్ర గుచ్చింది. "ఆ తుమ్మచెట్టుకు సూటిగా. ఇట్ల మాది, అట్ల పెద్దోళ్లది. కాయలు ఒక యేడు మావి, ఒక యేడు వాళ్లవి. మా బావా, మా ఇంటాయనా నడిచి చూపిచ్చినారు. ఆ పొద్దు సజ్జన్నం తెచ్చినా నేను."

సర్వేయరమ్మ అంతా రాసుకుంది. చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుంది. తర్వాత పటంలోని కొలతలు యంత్రంలో పెట్టి, ఎర్రగీత ఎక్కడ పడుతుందో చూసి అక్కడ ఒక కొయ్య గూటం కొట్టింది. గూటం చిన్నమ్మ కర్ర దగ్గర పడలేదు. నా వైపుకు మూరెడు లోపలికి పడింది.

ఏళ్ల తరబడి విత్తుకుంటూ వచ్చిన సాలు మెల్లగా వాళ్ల వైపు జరిగిందన్నమాట. ఎవరూ కావాలని చేసింది కాదు. నాగలి తిరిగినచోట, ఒక యేడు జానెడు అటు, ఒక యేడు బెత్తెడు ఇటు. చివరికి లెక్క తీస్తే, మూరెడు వెడల్పున వాళ్ల నేలను నేనే దున్నుకుంటున్నాను.

తమ్ముడు మొదటిసారి దగ్గరికి వచ్చాడు. గూటాన్ని చూసి, నన్ను చూసి నవ్వాడు. "చూస్తివా అన్నా? నంబరు నంబరని తిరగతాండావే, ఇప్పుడు మూరెడు వదలాల. వద్దులే, 388లోనే ఉందాం పా. కలిసుంటే నీకే లాభం."

అందరూ నా మొహం చూస్తున్నారు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆలోచించానని ఎవరైనా చెబితే నమ్మకండి.

"పటంలో ఉండేదే నాది. మా నాయన గొలుసు పట్టి కొలిచింది యెంతో అంతే నాది. ఆ మూరెడు నీది, ఈ పొద్దే తీసుకో," అన్నాను.

తమ్ముడు పదిమంది వైపు తిరిగి, "ఇన్న్యారా? మా అన్న మూరెడు నేల పిలిచి ఇస్తాండాడు. యెవురింట్లో జరుగుతాది ఇట్లా?" అన్నాడు. అంతే, అతనికి కావలసింది దొరికింది. ఊళ్లో చెప్పుకోవడానికి పాత మాట కంటే పెద్ద మాట అది. సర్వేయరమ్మ దగ్గర పెన్ను తీసుకుని, నంబరు విడగొట్టడానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాడు. పక్కన నేను పెట్టాను. ఈసారి నా పేరు పైన రాయించాను.

చిన్నమ్మ మాత్రం శాంతించలేదు. ఆ యేడు సాలు పెట్టలేదు కాబట్టి మరుసటి యేడు వంతు కూడా తమదేనని అక్కడే మొదలుపెట్టింది. విత్తకపోవడం ఆమె కొడుకు తప్పు, యేడు మాత్రం లెక్కలోకి వస్తుందని నేను చెప్పాను. ఆ వాదన ఇంకా తేలలేదు.

సర్వేయరమ్మ నివేదిక వారంలోపే పైకి పంపింది. పంపిన కాగితం నకలు నాకు ఇచ్చింది, అది కూడా తీగ మీద ఉంది. నెలలు గడిచాయి. ఎనిమిదో అర్జీ పెట్టిన తర్వాత ఒక రోజు పొలంలో ఉంటే ఫోను మోగింది. మెసేజీ. "మీ అర్జీ పరిష్కరించబడింది." కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి, పక్క చేలో కుర్రవాడి చేత చదివించుకున్నాను. ఇంకోసారి చదవమన్నాను. ఇంటికి పోయి మా ఇంటామెకు చెప్పాను. ఆమె పాయసం చేసింది, చిన్నమ్మకు గిన్నెతో పంపింది. మరుసటి రోజు ఆళ్లగడ్డ పోయి, ఆన్‌లైన్ సెంటర్లో భూమి ఎవరి పేరున ఉందో చూపే 1బి నకలు తీయించాను. 388. నాలుగెకరాల ముప్పై ఆరు సెంట్లు. రెండు పేర్లు. పాతదానికీ దీనికీ తేడా తేదీ ఒక్కటే.

పరిష్కరించింది ఏమిటి? ఆ పాయసం నాకు ఇంతవరకు అరగలేదు.

తర్వాత మూడు అర్జీలు పెట్టాను. మొదటివి చేతితో రాసినవి, ఇవి టైపు కొట్టించినవి. వాటిలో పాత నంబరు, కొత్త నంబరు, విస్తీర్ణం, నివేదిక పంపిన తేదీ, ఇద్దరి సమ్మతి, చిన్నమ్మ వేలిముద్ర, అన్నీ వరుసగా ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పు పట్టలేరు.

ఈ తిరుగుడులో నాకు ఒకటి దక్కింది. ఇప్పుడు మా ఊళ్లో ఎవరికి కొత్త పాస్ పుస్తకం వచ్చినా ముందు నా దగ్గరికి తెస్తారు. ఉయ్యాలవాడ నుంచి కూడా ఒకాయన ఆటో మాట్లాడుకుని వచ్చాడు. "నంబర్లు చదివే ఆయన ఇల్లు యాది?" అని అడుగుతూ వచ్చాడట. నేను కూర్చోబెడతాను. నీళ్లిస్తాను. పాత సర్వే నంబరు ఏదో ముందు చెప్పమంటాను. అది ఏ కొత్త నంబరులో పడిందో చూస్తాను. విస్తీర్ణం సరిపోయిందా, పక్కన ఇంకొకరి పేరు ఉందా, పటంలో నాలుగు హద్దులూ ఎవరెవరివో చెప్పి, చివరికి అడుగుతాను: నీ పొలానికి గట్టు ఉందా, సాలు ఉందా? సాలు అయితే ఎండాకాలంలో కూడా కనపడేట్టు ఏదైనా చెయ్యి అంటాను. మాట్లాడుతున్నంతసేపూ వచ్చినవాళ్ల మొహం చూసి మాట్లాడతాను. తల ఎత్తకుండా మాట్లాడడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. సర్వేయరమ్మ కూడా అప్పుడప్పుడు ఫోను చేసి ఫలానా పాత గట్టు సంగతి ఏమిటి తాతా అని అడుగుతుంది. మా నాయన పట్టిన గొలుసు కొన ఇంకా నా చేతిలోనే ఉన్నట్టు ఉంటుంది నాకు.

ఈ యేడు ఆముదాలు నేను విత్తాను. గూటం దగ్గర, కొత్త చోట, మూరెడు లోపల. వంతు తమదేనని చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది, గింజలు మాత్రం ఆమె డబ్బాలో నుంచే ఇచ్చింది. ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి. ఆమె ఈ మధ్య మంచం దిగడం లేదు. నేను వాకిట్లో కనబడితే చాలు, లోపలి నుంచే కేకేస్తుంది.

"నాయనా, నీ నంబరు వచ్చెనా?"

"ఇంకా రాలేదు చిన్నమ్మా."

"నేను ముద్ర సరిగ్గా యేయలేదా యేంది?"

బాగానే వేశావని చెబుతాను. మరుసటి రోజు మళ్లీ అడుగుతుంది.

నంద్యాలలో ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. అప్పటి ఆయన బదిలీ అయ్యాడని విన్నాను. ఎవరైనా సరే, ఇది మీకే రాస్తున్నాను. నా ఫైలు మీ దగ్గర ఉంది. కొలత అయింది, ఒప్పుదల అయింది, మూరెడు నేల ఇచ్చాను, ఎనభై దాటిన మనిషి పొలానికి వచ్చి వేలిముద్ర వేసింది. ఇంకా ఏం కావాలి? ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేరో ఒక్క వాక్యం, నా పేరు మీద, మీ సంతకంతో, కాగితం మీద రాసి పంపండి. పరిష్కరించబడింది అని ఫోనుకు పంపకండి. తీగ మీద ఇంకా చాలా చోటు ఉంది, నాకు ఓపిక ఉంది, చిన్నమ్మకే రోజులు లేవు. రేపు పొద్దున ఆమె అడిగితే నేను ఏమి చెప్పాలి? ఆముదం సాలుకు ఇవతల ఉన్న రెండెకరాల పద్దెనిమిది సెంట్ల నేల నంబరు ఎంత? జవాబు చెప్పండి.